రేకలు రాలాక మిగిలేది: అడవి అవిసెలను గుర్తుపట్టడం

(మొక్కల పరిశీలన మీద ఆసక్తి ఉన్న కొందరు హైదరాబాద్‌లో నెలకోసారి కలుసుకుంటారు. జనవరి చివరి ఆదివారం నాటి సమావేశంలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. వినేవాళ్ల మాటలు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. కొంచెం ముందుకు వచ్చి కూర్చోండి. వెనక కుర్చీల్లోకి ఈ పూలు కనపడవు. తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలని పట్టుబట్టింది నేనే. ఆదివారం పూట ఇంత పెందలాడే ఏమిటని కొందరు విసుక్కున్నారట. తప్పు నాది కాదు, ఈ పూలది. ఎండ ముదిరితే ఇవి ఉండవు.

బల్ల మీద మూడు కుండీలు ఉన్నాయి. ఒకదానిలో నీలం పూలు, ఒకదానిలో తెల్లవి, మూడో దానిలో ముదురు ఎరుపు పూలు. ముందుగా ఒక ప్రశ్న. ఇక్కడ ఎన్ని జాతులు ఉన్నాయి? (మూడు. మూడండీ.) ఇంకో లెక్క చెప్పేవాళ్లు ఎవరూ లేరా? సరే, బోర్డు మీద మూడు అని రాసి పెడుతున్నాను. దీన్ని ఎవరూ చెరపకండి.

మొదట పేరు సంగతి తేల్చుకుందాం. తెలుగులో అవిసె అనగానే సగం మంది వేరే చెట్టు దగ్గరకు వెళ్లిపోతారు. కొన్నాళ్ల క్రితం ఒక అమ్మాయి ఫోను చేసి, 'సార్, అవిసె గింజలు ఖరీదుగా ఉన్నాయి, వాటి బదులు అవిసె ఆకు కూర వండుకుంటే సరిపోతుందా?' అని అడిగింది. సరిపోదమ్మా, ఆ ఆకుకూ ఈ గింజకూ చుట్టరికమే లేదు అని చెప్పాల్సి వచ్చింది. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి పెంచే అవిసె చెట్టు చిక్కుడు కుటుంబానికి చెందింది. కొడవలిలా వంగిన పెద్ద మొగ్గలు, మూరెడు పొడవు సన్నని కాయలు దానివి. శాస్త్రంలో దాని పేరు సెస్బేనియా గ్రాండిఫ్లోరా. మనం ఇవాళ మాట్లాడుకునేది నడుము ఎత్తు కూడా పెరగని, వేలితో వంచితే వంగిపోయే ఒక చిన్న మొక్క గురించి. దాని ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు పేరు, లైనమ్. తమాషా ఏమిటంటే, ఈ ఎర్రపూల కుండీలో ఉన్నదాని పేరు లైనమ్ గ్రాండిఫ్లోరమ్. పెద్ద పువ్వుది అని అర్థం. లాటిన్ పేర్లు పెట్టుకున్నా ఈ రెండు అవిసెలూ ఒకదాన్నొకటి వదలలేదు.

సంస్కృతంలో దీన్ని అతసి అన్నారు. అమరకోశం 'అతసీ స్యాదుమా క్షుమా' అని మూడు పేర్లు ఒక్కచోట ఇచ్చింది. ఆ క్షుమ నుంచి వచ్చిందే క్షౌమం, అంటే అవిసె నారతో నేసిన బట్ట. మన కథల్లో క్షౌమ వస్త్రాలు అనగానే పట్టుబట్టలు అని చెప్పేసుకుంటాం. మీరు బట్టల దుకాణంలో లినెన్ అని అడిగి కొనుక్కునేది ఆ క్షౌమమే. ఇక కృష్ణుణ్ణి 'అతసీపుష్పసంకాశం' అని వర్ణించే శ్లోకం మీలో చాలామందికి చిన్నప్పుడే నోటికి వచ్చి ఉంటుంది. ఈ నీలం కుండీ చూడండి, ఆ శ్లోకం చెప్పినవారు ఏ రంగును మనసులో పెట్టుకున్నారో తెలుస్తుంది. అయితే బెంగాల్ వెళ్లి అతసి పువ్వు చూపించమంటే పసుపు పూల గిలిగిచ్చ మొక్కను చూపిస్తారు. పేరు ఒకటి, పువ్వులు రెండు, రంగులు రెండు. అందుకే పేరును పట్టుకుని మొక్క దగ్గరకు వెళ్లకూడదు. మొక్కను పట్టుకుని పేరు దగ్గరకు రావాలి.

రంగును నమ్మి మోసపోయే చోటు మన ఊళ్లోనే ఇంకొకటి ఉంది. వినాయక చవితి పత్రిలో విష్ణుక్రాంత ఉంటుంది కదా. వానలు పడ్డాక గండిపేట వైపు రాతి నేలల మీద నేలకు అంటుకుని పాకుతూ, చిన్న నీలం పూలు పూస్తుంది. దాన్ని ఫోటో తీసి 'అడవి అవిసె దొరికింది' అని నాకు పంపినవాళ్లు ఉన్నారు. నిజమే, నీలం రంగు ఉంది, పువ్వు అంచు అయిదు ముక్కలుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. పువ్వును మెల్లగా పట్టుకుని లాగండి. విష్ణుక్రాంతలో రేకలన్నీ కలిసి గొడుగులా ఒక్కటిగా ఊడి వస్తాయి. అవిసెలో ఒక్కో రేక విడిగా వస్తుంది. అసలు లాగాల్సిన పని కూడా ఉండదు, కుండీని కొంచెం గట్టిగా బల్ల మీద పెడితే చాలు... చూశారా? రెండు పోయాయి.

ఇప్పుడు ఈ నీలం పువ్వును భూతద్దంలో చూద్దాం. నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం చాలు, మైక్రోస్కోపు అవసరం లేదు. మొగ్గలో రేకలు ఒకదాని అంచు మీద ఇంకొకటి పడుతూ, తడిబట్టను పిండినట్టు మెలితిరిగి ఉంటాయి. పువ్వులో రేకల కింద ఆకుపచ్చగా ఉండే రక్షక పత్రాలు అయిదు, ఆకర్షణ పత్రాలు, అంటే రేకలు, అయిదు, పుప్పొడిని మోసే కేసరాలు అయిదు. కేసరాల కాడలు, అంటే కేసరదండాలు, అడుగున కలిసిపోయి చిన్న పట్టీలా ఉంటాయి. ఆ పట్టీ మీద, రెండు కేసరాల మధ్య ఒక్కొక్కటి చొప్పున, సూదిమొనలాంటి చిన్న పళ్లు కనపడతాయి. ఒకప్పుడు కేసరాలు కావాల్సినవి కాలేకపోయాయి. వాటిని వంధ్య కేసరాలు అంటారు. మధ్యలో, గింజలు కట్టే అండాశయం మీంచి లేచే సన్నని కాడలు, కీలాలు, అయిదు, విడివిడిగా. అన్నీ అయిదేసి. యూరప్‌లో రేడియోలా అని ఒక బొటనవేలంత మొక్క ఉంది, ఈ కుటుంబానిదే. అది మాత్రం అన్నిటినీ నాలుగేసి పెట్టుకుంది. దాన్ని అలా ఉండనిద్దాం.

లైనమ్ ప్రజాతిలో దాదాపు 200 జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం మధ్యధరా సముద్రం చుట్టూ, పశ్చిమాసియాలో, కొన్ని అమెరికా ఖండాల్లో. వాటిలో సాగులో స్థిరపడి ప్రపంచమంతా తిరిగింది ఒక్కటే, లైనమ్ యూసిటాటిస్సిమమ్. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. అత్యంత ఉపయోగకరమైనది అని అర్థం. మిగిలినవన్నీ అడవివో, తోటల్లో అందానికి పెంచేవో. ఇన్నిటి మధ్య తేడా పట్టుకోవాలంటే మామూలుగా అందరూ చేసే పని పువ్వు రంగు చూడటం. నేను చెప్పదలచుకున్నది దానికి ఎదురు. ఈ మొక్క తన రేకలను ఒక్క పూట కోసమే తయారు చేసుకుంటుంది. పొద్దున విప్పుకుని మధ్యాహ్నానికి వదిలేస్తుంది. ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, అట్టకు అంటిస్తే రేకలు రాలిపోతాయి, మిగిలినవి వెలిసిపోతాయి. కాయ పండే దాకా మొక్క అట్టిపెట్టుకునేది రక్షక పత్రాలను. కాబట్టి చూపును రేకల మీద నుంచి కిందికి దించండి.

ఎంత కిందికి? మొదట ఆకు దాకా. ఈ కుండీల్లో ఆకులు కాండం మీద ఒకదాని తర్వాత ఒకటిగా, ఏకాంతరంగా ఉన్నాయి. చాలా జాతుల్లో ఇంతే. యూరప్ గడ్డి నేలల్లో పెరిగే లైనమ్ కథార్టికమ్ అనే చిన్న తెల్లపూల జాతిలో మాత్రం ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఆ ఒక్క లక్షణంతో అది తేలిపోతుంది, పువ్వు కోసం ఆగనక్కర్లేదు. ఆ పేరులోనే దాని పని ఉంది. పూర్వం విరేచనాలకు వాడేవారు. తర్వాత ఆకు మొదలు చూడండి. పసుపు పూల జాతుల్లో ఒక వర్గానికి ఆకు కాండాన్ని అంటుకునే చోట, రెండు పక్కలా ముదురు రంగు చుక్కల్లాంటి గ్రంథులు ఉంటాయి. లైనమ్ ఫ్లావమ్ ఆ వర్గానిదే. నీలం జాతుల్లో ఇవి కనపడవు.

ఇప్పుడు రక్షక పత్రాలు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అసలు గుట్టంతా ఇక్కడే ఉంది. మన సాగు అవిసెలో అయిదు రక్షక పత్రాలూ కొనదేలి ఉంటాయి. బయటివైనా లోపలివైనా, కొసన చిన్న మొన. ఒక్కో దాని మీద మూడు ఈనెలు స్పష్టంగా కనపడతాయి. ఒకటి గిల్లి కాగితం మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కనపడిందా? (అంచు తెల్లగా ఉంది సార్, పల్చగా.) అది లోపలి వరస రక్షక పత్రం అయి ఉంటుంది. వాటి అంచు ఉల్లిపొరలా ఉంటుంది. ఇప్పుడు యూరప్‌లోనూ తోటల్లోనూ కనిపించే బహువార్షిక నీలి అవిసె, లైనమ్ పెరెన్నె, దీని పక్కన పెట్టుకున్నామని అనుకోండి. దూరం నుంచి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ పెరెన్నె లోపలి రక్షక పత్రాలు బయటివాటికంటే వెడల్పుగా, కొస గుండ్రంగా ఉంటాయి. మొన ఉండదు. ఇంకొక ఆనవాలు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కీలం కొస. పెరెన్నెలో అది గుండుసూది తలలా చిన్న ఉండ. సాగు అవిసెలో పొడవుగా, కొంచెం లావెక్కిన కర్రలా ఉంటుంది. ఈ రెండూ చూస్తే ఇక తడబాటు ఉండదు. పెరెన్నెకు దగ్గరి బంధువు లైనమ్ ఆస్ట్రియాకమ్ ఉంది, దానిలో కాయ తొడిమలు వంగి ఒక పక్కకు వేలాడుతాయి. పెరెన్నెలో నిటారుగా నిలబడతాయి. కాయ లేకుండా ఆ రెండింటినీ విడదీయాలని చూడకండి.

సాగు అవిసెకు తల్లి ఎవరు? లైనమ్ బియెన్నె. పల్చని నీలం పూల అడవి జాతి. బ్రిటన్ తీరాల నుంచి మధ్యధరా ప్రాంతం మీదుగా ఇరాన్ వైపు దాకా పెరుగుతుంది. రెండింటికీ క్రోమోజోములు 30, సులువుగా సంకరమవుతాయి, పుట్టిన మొక్కలు మళ్లీ గింజలు కడతాయి. తల్లీబిడ్డలను విడదీయడం ఎప్పుడూ కష్టమే కాబట్టి ఒక్క గుర్తును కాకుండా నాలుగైదు గుర్తులను కలిపి చూడాలి. బియెన్నె మొదట్లోనే అనేక కాండాలుగా చీలుతుంది. సాగు మొక్క, ముఖ్యంగా నార కోసం ఒత్తుగా నాటినది, ఒంటి కాండంతో లేస్తుంది. బియెన్నె ఆకు సన్నం, పువ్వు చిన్నది, రక్షక పత్రాలు నాలుగైదు మిల్లీమీటర్లు. సాగుదానిలో అవి ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంటాయి. బియెన్నె ఒక ఏడాదిలో చావకుండా రెండో ఏడుకో, ఆ పైకో నిలబడుతుంది. సాగు మొక్కకు ఒక్క రబీతో ఆయుష్షు తీరిపోతుంది.

అన్నిటికంటే గట్టి తేడా కాయలో ఉంది. తలా ఒక కాయ తీసుకోండి, ఈ పళ్లెం అటు పంపండి. ఇవి నేను బేగం బజారులో పావుకిలో కొనుక్కొచ్చిన వంటింటి గింజల నుంచే వచ్చాయి. అక్టోబరు చివర చల్లాను. కాయను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి. చిటుక్కుమన్నదా? అరచేతిలో రాల్చుకుని లెక్కపెట్టండి. (ఎనిమిది. నాకు తొమ్మిది. పది ఉన్నాయి సార్.) పదికి మించి ఎవరికీ రావు, వస్తే నాకు చెప్పండి. అండాశయంలో అయిదు గదులు. ఒక్కో గదిలో రెండేసి అండాలు. ఆ రెండింటి మధ్య ఒక అడ్డుగోడ, మిథ్యాకుడ్యం. కాబట్టి అయిదు గదుల ఇల్లు పది గదులై, గదికొక గింజతో నిండుతుంది. అన్నదమ్ములు వాటాలు పంచుకుని నడింట్లో గోడ కట్టుకున్నట్టు. పొట్టు పక్కన పెట్టి ఆ గోడలు చూడండి, అగరొత్తి పొగంత పల్చగా ఉన్నాయి.

ఇప్పుడు గమనించండి. ఈ కాయలు ఎండి పదిరోజులైంది, మీరు నొక్కేదాకా విచ్చుకోలేదు. అడవిలో అలా కుదరదు. బియెన్నె కాయ ఎండగానే పగిలి గింజలు విసిరేస్తుంది, లేకపోతే దాని వంశం నిలవదు. తొలినాటి రైతులు కోతకు వెళ్లేసరికి పగిలిన కాయల గింజలు నేలపాలై, పగలని కాయలవే ఇంటికి చేరాయి. అవే మళ్లీ విత్తనమయ్యాయి. అలా కొన్ని వందల తరాలు గడిచేసరికి మనిషి చెయ్యి పడితే తప్ప తెరుచుకోని కాయ మిగిలింది. దీన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. యూరప్‌లో కాయ పేలే రకాలు సాగులోనే ఉండేవి, గింజ రాల్చుకోవడం తేలికని వాటిని ఉంచుకున్నారు. గింజ సైజూ సాక్ష్యమే. అడవిది చిన్నది, రెండు మూడు మిల్లీమీటర్లు. అరచేతిలో ఉన్నవాటిని ఒకసారి ఈ గిన్నె నీళ్లలో వేయండి, ఉపన్యాసం అయ్యేలోపు జారుడుగా జిగట పడతాయి. సబ్జా గింజల్లా చుట్టూ తెల్లటి ఉబ్బు కనిపించదు కానీ వేళ్ల మధ్య నిలవవు.

(ఈ సమయంలో నీలం కుండీ నుంచి మరికొన్ని రేకలు రాలాయి.)

అవి రాలనివ్వండి. వాటి సంగతి ఆఖరున.

ఇప్పుడు ఎర్ర కుండీలకు వద్దాం. ఇది అల్జీరియా అవిసె. మన నర్సరీల్లో చలికాలపు పూల మొక్కగా అప్పుడప్పుడు దొరుకుతుంది. నా దగ్గర రెండు కుండీలు ఉన్నాయి, రెండోది ఇదిగో, బల్ల కింద ఉంచాను. రెండింటిలోనూ ఒకే పాకెట్ గింజలు వేశాను. మొదటి కుండీ పువ్వులో కీలాలు చూడండి, కేసరాలంత ఎత్తుకు లేచి నిలబడ్డాయి. రెండో దానిలో? (కనపడటం లేదు.) ఉన్నాయి, కేసరదండాల సందుల్లోంచి బయటికి వంగి అడుగున దాక్కున్నాయి. సగం పొడవే. ఇవి రెండు జాతులు కావు. ఒకే జాతిలో రెండు రకాల పూల మొక్కలు. దీన్ని భిన్నకీలత అంటారు. చార్ల్స్ డార్విన్ ఈ ఎర్ర అవిసెను తన తోటలో పెంచాడు. 1861లో ఆయన దగ్గర పదకొండు మొక్కలు ఉండేవి, ఎనిమిది పొడుగు కీలాలవి, మూడు పొట్టివి. పొడుగు కీలాల పువ్వు మీద అదే రకం పుప్పొడి వేస్తే గింజ కట్టలేదు. పొట్టి రకం పుప్పొడి తెచ్చి వేస్తే కట్టింది. మైక్రోస్కోపులో చూస్తే రెండు పుప్పొళ్లకూ తేడా కనిపించలేదు, కానీ కీలాగ్రానికి తేడా తెలుస్తోంది. స్వగోత్రం, పరగోత్రం పట్టింపు మనకే ఉందనుకుంటాం.

ఈ విషయం తెలియకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. ఉత్తర అమెరికాలో ఒక అడవి నీలి అవిసె ఉంది, లైనమ్ లూయిసీ. అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ పసిఫిక్ తీరం దాకా వెళ్లి తిరిగివస్తూ 1806లో దాన్ని సేకరించాడు, అందుకే ఆ పేరు. అక్కడ కాలిపోయిన, పాడైపోయిన పచ్చిక నేలల్లో స్థానిక మొక్కలనే మళ్లీ నాటాలని, దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్‌లో 1955లో సేకరించిన గింజను అభివృద్ధి చేసి, 1980లో 'అప్పార్' అనే పేరుతో లూయిసీ రకంగా విడుదల చేశారు. మంచి మొలక, మంచి పువ్వు. విస్తారంగా చల్లారు. తర్వాత ఎవరో పువ్వులోకి తొంగిచూశారు. కొన్ని మొక్కల్లో కీలాలు పొడుగు, కొన్నిటిలో పొట్టి. లూయిసీలో అలా ఉండదు, అన్ని మొక్కల్లోనూ ఒకే తీరు. కీలాలు రెండు రకాలుగా ఉండేది యూరప్ నుంచి వచ్చిన పెరెన్నెలో. అంటే స్థానిక మొక్క పేరుతో ఇన్నాళ్లూ చల్లింది పరదేశపు మొక్క. అసలైన లూయిసీ నుంచి తీసిన 'మేపుల్ గ్రోవ్' అనే రకం 2003లో గానీ బయటికి రాలేదు. ఏళ్ల తరబడి సాగిన పొరపాటు. దాన్ని పట్టిచ్చింది రెండు మిల్లీమీటర్ల తేడా. ఇది రంగు వల్ల, ఆకు వల్ల తేలేది కాదు. ఒక్క మొక్క చూసినా తేలేది కాదు, ఆ మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఒకే మొక్క నుంచి పది పూలు కోసుకొస్తే పదింటిలోనూ కీలం ఒకేలా ఉంటుంది. పది మొక్కల నుంచి ఒక్కో పువ్వు చూడాలి.

నేను ఇవన్నీ పుట్టుకతో తెలిసినట్టు చెబుతున్నానని అనుకోకండి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక జులై నెలలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ వెళ్లాను. కేలాంగ్ దాటాక ఒక రాతిగోడ పక్కన నీలం పూల గుత్తి కనిపించింది. ఆ ఎత్తులో, ఆ ఎండలో, ఆ నీలం మీరు ఊహించుకోలేరు. ఇరవైకి పైగా ఫోటోలు తీశాను. కింద ఏమని రాశానో తెలుసా? 'సాగు అవిసె, పొలం తప్పించుకుని పెరిగినది.' ఇంటికొచ్చి గొప్పగా ఒక మిత్రుడికి చూపించాను. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు. 'లోపలి రక్షక పత్రం కొస మొనదేలి ఉందా, గుండ్రంగా ఉందా?' ఫోటోలన్నీ వెతికాను. ప్రతి దానిలో పువ్వు నిండు ముఖంతో నవ్వుతోంది. వెనక నుంచి తీసిన ఫోటో ఒక్కటీ లేదు. కాయ లేదు. కాండం మొదలు, అది ఒంటిదా గుంపుదా తెలిసేలా తీసినది లేదు. హిమాలయాల్లో ఆ ఎత్తున పెరెన్నె వర్గపు అడవి అవిసె ఉంటుంది. నేను చూసింది అదే అయి ఉండాలి. కానీ 'అయి ఉండాలి' అనేది హెర్బేరియంలో చెల్లదు. ఆ ఫోటోల కింద ఇప్పటికీ 'లైనమ్, జాతి తేలలేదు' అనే రాసి ఉంది. అప్పటి నుంచి ఏ పువ్వునైనా ముందు వెనక నుంచి ఫోటో తీస్తాను. ముందు వైపు తీయడానికి తర్వాత బోలెడంత సమయం ఉంటుంది, అవిసెకు తప్ప.

పసుపు, గులాబి జాతుల గురించి రెండు ముక్కల్లో ముగిస్తాను. గులాబి పూలవి ఎక్కువగా మధ్యధరా ప్రాంతానివి, మీరు అటు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. పసుపు మనకు ముఖ్యం, ఎందుకంటే దక్కనుకు సొంతమైన అడవి అవిసె పసుపుదే. లైనమ్ మైసూరెన్సె. జానెడు నుంచి మూరెడు దాకా లేచే సన్నని ఏకవార్షిక మొక్క. పైభాగంలో కొమ్మలు చీలి, చిటికెన గోరంత పసుపు పూలు చాలా పూస్తుంది. వానలు తగ్గే వేళ గడ్డి వాలుల్లో, ముఖ్యంగా పడమటి కనుమల వైపు కనిపిస్తుంది. పేరు మైసూరుది. ఆ పేరు వెనక ఉన్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ మాత్రం మైసూరు ప్రాంతానికి వెళ్లకముందు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్నవాడు. పసుపు పూలున్నాయి కదా అని ప్రతి దాన్నీ లైనమ్ అనకండి. హిమాలయాల్లో ప్యోలి అని పిలిచే పసుపు పూల పొద ఉంది, రైన్‌వార్డ్షియా. తోటలవాళ్లు దాన్ని పసుపు అవిసె అనే అమ్ముతారు. కీలాలు లెక్కపెట్టండి, అయిదు ఉండవు, సాధారణంగా మూడు. మన తూర్పు తీరపు పొద అడవుల్లో ఇదే కుటుంబానికి చెందిన హ్యూగోనియా మిస్టాక్స్ ఉంది. దాని కొక్కేలు జంటలుగా మెలిదిరిగి అచ్చం మీసాల్లా ఉంటాయి. మిస్టాక్స్ అంటే గ్రీకులో మీసమే. దాన్ని ఎవరూ పొరబడరు.

(హైదరాబాద్ చుట్టుపక్కల నీలం అడవి అవిసె దొరుకుతుందా సార్?) దొరకదు. పొలం గట్టు మీదో, చెత్తకుప్ప పక్కనో నీలం అవిసె కనపడితే అది సాగు గింజ రాలి మొలిచినదే. దాన్ని అడవి అవిసె అని రాయకండి. తప్పించుకున్నది వేరు, అడవిది వేరు. సాగు రకాలను చూడాలంటే రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, అవిసె మీద కూడా పనిచేస్తుంది.

(అవిసె నార గుహల్లో దొరికిందని చదివాను, 30 వేల ఏళ్ల నాటిదట.) అవును, జార్జియా దేశంలో జుడ్జువానా గుహ. మట్టి పొరల్లో మైక్రోస్కోపుకు మాత్రమే కనిపించే నార పోగులు దొరికాయి. కొన్నిటికి పురి ఉంది, కొన్నిటికి రంగు అద్దినట్టు ఉంది. అడవి అవిసె నార అని 2009లో ప్రకటించారు. మరుసటి ఏడాదే ఇంకొందరు పరిశోధకులు, చూపిన లక్షణాలను బట్టి అది అవిసెదే అని చెప్పలేమని, వేరే మొక్కల నారలోనూ అవి ఉంటాయని అభ్యంతరం చెప్పారు. నాకు ఆ అభ్యంతరం న్యాయంగానే తోస్తుంది. రక్షక పత్రం లేదు, కాయ లేదు, గింజ లేదు, ఒక్క పోగు ఉంది. ఎంత పాతదో చెప్పడం తేలికైంది, ఎవరిదో చెప్పడమే కష్టమైంది.

టైమెంత? పదకొండూ ఇరవై. చూడండి, మాటల్లో పడి మీరు గమనించలేదు. నీలం కుండీ దాదాపు ఖాళీ. తెల్లదానిలో రెండు పూలు ఉన్నాయి, ఎర్రదానిలో నాలుగైదు. ఆ మిగిలిన రేకలు నేనే దులిపేస్తున్నాను, క్షమించాలి. రాలినవన్నీ ఈ పేపరులో చుట్టి సంచిలో పెట్టేశాను. ఇప్పుడు మీరంతా ఒక్క నిమిషం అటు కిటికీ వైపు తిరగండి, కుండీలు తారుమారు చేస్తాను.

అయింది. బోర్డు మీద మూడు అని ఉంది. భూతద్దాలు తీసుకుని వరసగా రండి. రక్షక పత్రాల వెడల్పు, కొస, అంచు, ఆకు రంగు, కాండం ఒంటిదా మొదట్లోనే చీలిందా, కాయ ఉంటే కాయ, అన్నీ చూసి ఎన్ని జాతులో కాగితం మీద రాసి ఇవ్వండి. పక్కవాళ్ల కాగితంలోకి చూడకండి. పేర్ల చీటీలు కుండీల అడుగున అంటించాను, అందరూ చూసేదాకా ఎవరూ కుండీ ఎత్తకూడదు.